ఐసు దిమ్మ నడుమ తెలుపు

జూన్ 30

అత్తయ్యకు నమస్కారాలు.

ఒంట్లో అంతా బాగానే ఉంది, ఒక్క గొంతు తప్ప. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

ఈ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా చేరి ఏడాది కావస్తోంది. సెప్టెంబరు తొమ్మిదిన పొద్దున పదింటికి ముగ్గురు పెద్దలు తనిఖీకి వస్తారు. వాళ్ళ ముందు, అరవై మంది పిల్లల ముందు నేనొక పాఠం చెప్పాలి. నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే నాన్న గొడుగుల షాపులో కౌంటరు ఖాయం. నాన్న ఇప్పటికే ఆ కుర్చీకి కొత్త దిండు కుట్టించాడట. నా మీద ఆయనకున్న నమ్మకం అలాంటిది.

నాకిచ్చిన పాఠం నీటి రసాయన గుణాలు, జీవానికి వాటి అవసరం. విషయం రాక కాదు అత్తా. బోర్డు వైపు తిరిగి రాసినంతసేపూ బాగానే ఉంటుంది. పిల్లల వైపు తిరగ్గానే గొంతు తడారిపోతుంది, మాట నాలుక కిందికి పోయి దాక్కుంటుంది. పిల్లలు నాకు వీపు మాస్టారు అని పేరు పెట్టారు. ఏడాదంతా వాళ్ళు చూసింది అదే మరి.

నువ్వు ముప్పై ఏళ్ళుగా నీళ్ళను గడ్డకట్టించి అమ్ముతున్నావు. అందుకని ఈ పాఠం ముక్కలు ముక్కలుగా నీకు రాద్దామనుకుంటున్నాను. చదివి, అర్థమైందో లేదో చెప్పు చాలు. నీకర్థమైతే ఇంక ఎవరికైనా అర్థమవుతుంది.

నీ అల్లుడు


జూలై 9

ఒరేయ్ అల్లుడూ,

నాకర్థమైతే ఇంక ఎవరికైనా అర్థమవుతుందా! ఎంత మాటన్నావురా! ఉత్తరం మన ఫ్యాక్టరీ మేస్త్రికి చదివి వినిపిస్తే, "మిమ్మల్నలా అన్నాడంటే మమ్మల్ని లెక్కలోనే వేసుకోలేదమ్మా" అని నొచ్చుకున్నాడు. పోన్లే, చిన్నవాడివి, వదిలేశాను.

గొంతు బాగాలేదని చదివి రెండు రోజులు నిద్రపట్టలేదు. ఉన్ని మఫ్లరు పంపుతున్నాను, పగలూ రాత్రీ తియ్యకు. నాకో కూతురుంటే నిన్నే అల్లుణ్ణి చేసుకునేదాన్ని. దాని అదృష్టం బాగుండి అది పుట్టలేదు.

నీళ్ళ గురించి చెప్పడానికి ఏముందిరా మూడు నెలలు? దాహమేస్తే తాగుతాం, ఒళ్ళు మురికైతే పోసుకుంటాం, అయిపోయింది. నువ్వు నన్నడిగే బదులు నేనే నిన్నడగాలి. మన ఐసు దిమ్మల్లో ఈ మధ్య నడుమ తెల్లగా వస్తోంది. అంచులు అద్దంలా ఉంటాయి, మధ్యలో మటుకు పాలు పోసినట్టు. బావి మార్చినప్పట్నుంచీ మరీ ఎక్కువైంది. జ్యూసుకొట్టు ఆయన దిమ్మలు తిప్పి పంపాడు, సున్నం కలిపానట! వీధి చివర కొత్త ఫ్యాక్టరీ వాడి దిమ్మలో నుంచి చూస్తే అవతల మనిషి మీసం కనిపిస్తుంది. ఇంత చదివావు కదా, దీనికేమైనా మందు చెప్పు.

వేణ్ణీళ్ళే తాగు.

నీ అత్త


జూలై 19

అత్తా,

మఫ్లరు అందింది. ఇక్కడ ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా తడిసిపోతోంది. అయినా నీ తృప్తి కోసం ఒక పూట చుట్టుకున్నాను. నా గొంతులో జబ్బేమీ లేదు, భయం ఉంది. దానికి ఉన్ని పనిచెయ్యదు.

ఇక పాఠం. నీటి అణువులో ఒక పెద్ద ఆక్సిజన్, రెండు చిన్న హైడ్రోజన్లు ఉంటాయి. ఆ చిన్నవి రెండూ తిన్నగా అటొకటి ఇటొకటి నిలబడవు, పెద్దదాని తల మీద చెవుల్లా ఒకే వైపుకు ఒరిగి ఉంటాయి. అందువల్ల చెవుల వైపు కాస్త ప్లస్, గడ్డం వైపు కాస్త మైనస్. ప్లస్ మైనస్‌ను లాగుతుంది కాబట్టి ప్రతి అణువూ చుట్టూ ఉన్న నలుగురిని పట్టుకుంటుంది. పట్టుకుని ఉండిపోదు, రెప్పపాటు కాలంలో కోట్లసార్లు ఒకరిని వదిలేసి ఇంకొకరిని పట్టుకుంటుంది. ఒక్కో పట్టు బలహీనమే, అన్నీ కలిస్తే గట్టిది. ఆ పట్టే లేకపోతే నీళ్ళు ఈ మాత్రం వేడికే ఆవిరైపోయి ఉండేవి. సముద్రం లేదు, రక్తం లేదు, నువ్వూ నేనూ లేము. వేరు పీల్చిన నీరు చిటారుకొమ్మ దాకా తెగకుండా ఎక్కేది కూడా ఈ పట్టుతోనేనట. ఇది వృక్షశాస్త్రం మేడమ్ చెప్పారు. పక్క గదిలోనే ఉంటారు. రోజూ క్లాసుకు ముందు నాకో గ్లాసు మంచినీళ్ళు తెచ్చిచ్చి ధైర్యం చెబుతారు. చాలా మంచి మనిషి.

నీ దిమ్మ నడుమ తెలుపు గాలే, అనుమానం లేదు. నీళ్ళలో కరిగి ఉన్న గాలి గడ్డకట్టేటప్పుడు బుడగలై చిక్కుకుంటుంది. నీళ్ళు బాగా కాచి చల్లార్చి డబ్బాల్లో పోయించు. గాలి పోతుంది, తెలుపూ పోతుంది.

ఉంటాను,
నీ అల్లుడు


జూలై 31

అల్లుడూ,

ఒక్కొక్కళ్ళూ నలుగుర్ని పట్టుకోవడం, రెప్పపాటులో వదిలేసి ఇంకొకళ్ళ చెయ్యి పట్టుకోవడం! ఇదేం పద్ధతిరా? వయసొచ్చిన పిల్లలకు క్లాసులో చెప్పాల్సిన మాటలేనా ఇవి? ఉత్తరం మడిచి రవికెలో దోపేశాను. మేస్త్రి ఊరుకోడుగా, నాలుగుసార్లు అడిగితే చదివాను. వాడు ఠక్కున, "ఓస్, ఇంతేనా అమ్మా! మన లోడింగువాళ్ళు కూడా ఇంతేగా. పొద్దున మన దగ్గర, మధ్యాహ్నం అవతలి ఫ్యాక్టరీలో, సాయంత్రం మార్కెట్లో. ఎవడూ ఎక్కడా నిలవడు, కానీ లారీ మాత్రం నిండుతుంది" అన్నాడు. అప్పుడు నాకూ అర్థమైంది. నువ్వూ అలా చెప్పు.

నీ సలహాకు వందనం. నలభై డబ్బాల నీళ్ళు కాచాం. గిన్నెలు చాలక పక్కనున్న లాండ్రీ వాళ్ళ కాగులు తెచ్చాం. కాగడానికి ఒక యుగం, చల్లారడానికి రెండు యుగాలు. ఆ నీళ్ళు పట్టిన వేడి వదిలిపెడితేనా! గడ్డకట్టడానికి డబ్బాలు దించే ఉప్పునీళ్ళ తొట్టి కూడా వెచ్చబడిపోయింది. ఐసు ఫ్యాక్టరీలో మనుషులకు చెమటలు పట్టించిన ఘనత నీదేరా నాయనా.

ఇంతా చేస్తే బుడగలు తగ్గాయి, తెలుపు మటుకు సన్నగా అలాగే ఉంది. ఒళ్ళుమండి గొడ్డలితో కొట్టి, ఆ నడిమి ముక్క నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగా, కాస్త చేదుగా ఉంది. అంచు ముక్కకు అసలు రుచే లేదు. గాలికి ఉప్పెక్కడిదిరా?

ఇంతకీ ఆ చెట్లమ్మాయి ఎవరు? రోజూ గ్లాసు నీళ్ళట, ధైర్యమట. అంత మంచి మనిషి గురించి అంత పొడిగా రాస్తావేం? మీ నాన్నకు ఒక కార్డు ముక్క రాసి పడేశాను. ఏం కంగారుపడకు, నెమ్మదిగానే రాశాను.

నీ అత్త


ఆగస్టు 11

అత్తా,

సిగ్గుపడుతూ రాస్తున్నాను. ఇన్నేళ్ళు చదివిన నాకు తట్టని సంగతి నీ నాలిక చెప్పింది. కొత్త బావి నీళ్ళలో ఉప్పులు ఎక్కువున్నాయి. నీళ్ళు నీళ్ళుగా ఉన్నప్పుడు వాటికి ఎవరొచ్చినా ఇష్టమే. ఉప్పు వస్తే ఉప్పు, పంచదార వస్తే పంచదార, గాలి వస్తే గాలి, అందరినీ చుట్టూ మూగి లోపలికి తీసుకుపోతాయి. మన రక్తం తిండినీ ఉప్పునూ ఒళ్ళంతా మోసేది ఆ గుణంతోనే. అవే నీళ్ళు గడ్డకట్టేటప్పుడు చూడాలి బిగువు! ప్రతి అణువూ నలుగురికి చెయ్యి చాచి, చాచిన చెయ్యి చాచినట్టే వరసలో నిలబడిపోతుంది. ఆ వరసలో పరాయివాడికి చోటుండదు. దిమ్మ బయటి నుంచి లోపలికి గడ్డకడుతుంది కనక గెంటేసిన ఉప్పంతా నడిమికి చేరుతుంది. నువ్వు రుచి చూసింది దాన్నే.

చేతులు చాచి నిలబడతాయి కాబట్టే ఐసు ఎక్కువ చోటు తీసుకుంటుంది, తేలికై నీళ్ళ మీద తేలుతుంది. అది మునిగిపోయే రకమైతే చలిదేశాల్లో చెరువులు అడుగు నుంచి గట్టిపడేవి, చేపలన్నీ చచ్చేవి. ఇప్పుడు పైన మూతలా ఐసు ఉంటే కింద చేపలు హాయిగా తిరుగుతున్నాయి. చేపల్లేకపోతే నీ ఐసు కొనే నాథుడుండడు, అది గుర్తుపెట్టుకో.

ఇంత బాగా రాశానా, మొన్న ప్రిన్సిపాలు గారు వెనక బెంచీలో కూర్చుని "ఏదీ, ఒకసారి చెప్పి చూపించండి" అన్నారు. నలభై నిమిషాల పాఠం ఆరు నిమిషాల్లో అయిపోయింది, అది కూడా బోర్డుకే చెప్పాను. మిగిలిన ముప్పై నాలుగు నిమిషాలూ డస్టరు దులుపుతూ నిలబడ్డాను. ఆయన గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది. బయటికి రాగానే వృక్షశాస్త్రం మేడమ్ నా చెయ్యి పట్టుకుని "ఐసులా ఉందేమిటండీ" అన్నారు.

నాకు ఈ ఉద్యోగమంటే ప్రాణం అత్తా. అయినా చేతకాదని తేలిపోయింది. రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. వాళ్ళు పంపకముందే నేనే పోతే కాస్త పరువు దక్కుతుంది.

నీ అల్లుడు


ఆగస్టు 22

ఒరేయ్,

ముందు ఆ కాగితం జేబులోంచి తీసి చించు. చించావా? ఇప్పుడు చదువు.

ఉప్పంతా నడిమికి చేరుతుందని చెప్పిన పెద్దమనిషి, దాన్నేం చెయ్యాలో చెప్పకుండా ఏడుస్తూ కూర్చున్నాడు. నేనూ మేస్త్రీ ఆలోచించాం. అంచులన్నీ గట్టిపడి నడుమ ఇంకా నీళ్ళుగా ఉన్నప్పుడు డబ్బాలో గొట్టం దించి ఆ నీళ్ళు తోడి పారబోశాం. ఆ గుంటలో మంచినీళ్ళు పోశాం. మర్నాడు దిమ్మ తీస్తే ఏముంది, అవతల పేపరు పెడితే అక్షరాలు చదివాడు మేస్త్రి! వాడికి చదువు రాదు, బొమ్మలు చూసి చెప్పాడు, అయినా ఆనందం ఆనందమే. జ్యూసుకొట్టు ఆయన మీసం మెలేసుకుంటూ వచ్చి నాలుగు దిమ్మలు పట్టుకుపోయాడు.

ఇదంతా నీ ఉత్తరం వల్లే జరిగింది. ఆరు నిమిషాల్లో అయిపోయిందన్న పాఠం నాకు పేజీలకు పేజీలు ఎలా రాశావురా? మధ్యాహ్నం అన్నాల వేళ నీ ఉత్తరాలు పైకి చదువుతున్నాను. చేపలు చెరువు కింద బతకడం విని లోడింగువాళ్ళు ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయారు. వాళ్ళు నా మాటే వినరు, నీ మాట విన్నారు. చేతకాదంటావా!

నేను పాఠం రోజుకు అందేలా రెండు దిమ్మలు పంపుతాను, ఒకటి నడుమ తెల్లగా ఉన్నది, ఒకటి అద్దంలాంటిది. బల్ల మీద పెట్టుకుని చెప్పు. నువ్వు నోరు తెరవకపోయినా అవి కరుగుతూ ఏదో ఒకటి చెబుతాయి.

చెయ్యి పట్టుకుందన్నమాట. మంచిది. మీ నాన్న అమ్మాయి ఎత్తెంతని అడుగుతున్నాడు, గొడుగు సైజు కోసమట.

నీ అత్త


సెప్టెంబరు 2

అత్తా,

కాగితం చించాను. కానీ దిమ్మలు పంపొద్దు, నీకు దణ్ణం పెడతాను! పాఠం తొమ్మిదో తారీకు పొద్దున పది గంటలకు. ప్రిన్సిపాలు గారికి నేల తడిగా ఉంటే ఒళ్ళు మంట. వరండాలో గొడుగు దులిపినందుకే ఒక పిల్లాణ్ణి ఇంటికి పంపించారు. ఆయన కాలేజీలో మనిషెత్తు ఐసు కరిగిస్తే నా ఉద్యోగం పాఠానికి ముందే పోతుంది.

ఇంకో సంగతి. వృక్షశాస్త్రం మేడమ్‌కు యాభై తొమ్మిదేళ్ళు. వచ్చే నెల రిటైరవుతున్నారు. నలుగురు మనవలు. ఈ ముక్క ముందే రాయకపోవడం నా తప్పే, నువ్వు అంత దూరం వెళతావని ఊహించలేదు. నిన్న నాన్న పంపిన పార్సిలు స్టాఫ్‌రూములో అందరి ముందూ విప్పాను. గులాబీ రంగు పూల గొడుగు, దాని మీద చీటీ, "కాబోయే కోడలికి ఆశీస్సులతో". చీటీ పక్కనున్న లెక్కల మాస్టారు పైకి చదివారు. మేడమ్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, "ఈ వయసులో మామగారు దొరికారు" అని గొడుగు పుచ్చుకున్నారు. రోజూ అదే వేసుకొస్తున్నారు. నాకు తలెత్తుకునే దారి లేదు.

దిమ్మలు వద్దు. మళ్ళీ చెబుతున్నాను, వద్దు.

నీ అల్లుడు


సెప్టెంబరు 8

అల్లుడూ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. లారీ పొద్దునే బయల్దేరి వెళ్ళిపోయింది. చేపల లారీ, అందుకని కాస్త వాసనుంటుంది. దిమ్మలకు రంపపు పొట్టు దట్టించి గోనెలు చుట్టించాను. మూడో వంతు కరిగినా నీకు చాలినంత మిగులుతుంది. మేస్త్రి స్వయంగా వెంట వస్తున్నాడు. కొత్త చొక్కా వేసుకుని మరీ వచ్చాడు.

ఈ ఉత్తరం నీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుందని తెలుసు. అయినా చెయ్యి ఊరుకోక రాస్తున్నాను. నా వల్ల నీ ఉద్యోగం పోతే నన్ను తిట్టు, రెండు రోజులు తిట్టు, తర్వాత మాత్రం ఉత్తరాలు మానకు. యాభై తొమ్మిదేళ్ళావిడను నీకు అంటగట్టిన దాన్ని, నాకు బుద్ధెక్కడుంది. మీ నాన్నకు ఇంకా చెప్పలేదు. ఆయన పెళ్ళికొడుకు గొడుగు కూడా కుట్టిస్తున్నాడు.

నీ అత్త


సెప్టెంబరు 19

అత్తా,

పెద్దల నిర్ణయం కాగితం మీద చేతికొచ్చాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, మేస్త్రి ఏం చెప్పాడో దాంట్లో సగమే నమ్ము.

పదికి ఐదు నిమిషాలుండగా ముగ్గురు పెద్దలూ ముందు వరసలో కూర్చున్నారు. అధ్యక్షురాలు మందపాటి కళ్ళద్దాలావిడ, నవ్వితే ఫైను కట్టాలన్నట్టు ఉన్నారు. అప్పుడు వరండాలో చేపల వాసన, దాని వెనక మేస్త్రి, ఇద్దరు మనుషులు, రెండు దిమ్మలు. గుమ్మం నుంచి బల్ల దాకా నీళ్ళే నీళ్ళు. ప్రిన్సిపాలు గారి ముఖం చూసే ధైర్యం లేక నేను యథాప్రకారం బోర్డు వైపు తిరిగిపోయాను. సుద్దముక్క పట్టుకున్నాను, ఒక్క అక్షరం రాలేదు. గుమ్మంలోంచి మేస్త్రి గొంతు వినిపించింది. "బాబుగారూ, కరిగిపోతోంది, కానివ్వండి!"

ఉలిక్కిపడి ఇటు తిరిగాను. ఎదురుగా నీ దిమ్మ. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అత్తా!"

అరవై మందీ ఘొల్లుమన్నారు. లెక్కల మాస్టారు కిటికీలోంచి నవ్వారు. నేను పూర్తిగా అయిపోయానని అందరూ అనుకుని ఉంటారు, నేనైతే అనుకున్నాను. కానీ ఒక విచిత్రం జరిగింది. మూడు నెలలుగా రాస్తున్నాను కదా, అత్తా అన్నాక తర్వాతి వాక్యం నాకు తడుముకోవలసిన పని లేదు. అది దానంతటదే వచ్చింది. దాని వెనక ఇంకోటి వచ్చింది. చెవుల గురించి చెప్పాను, నలుగురిని పట్టుకోవడం చెప్పాను. మేస్త్రి ఆగలేక లోడింగువాళ్ళ సంగతి తనే చెప్పేశాడు, పిల్లలకు అది ఇట్టే ఎక్కింది. తెల్లదిమ్మను పగలగొట్టి నడిమి ముక్క ఒక గాజుగొట్టంలో, అంచు ముక్క ఇంకో గొట్టంలో కరిగించి రెండింట్లోనూ ఉప్పును పట్టిచ్చే వెండి ద్రావణం చుక్కలు వేశాను. అంచు నీళ్ళు అలాగే ఉన్నాయి, నడిమి నీళ్ళు తెల్లగా విరిగిపోయాయి. చుక్క పడగానే క్లాసంతా లేచి నిలబడింది. "ఇదే గెంటేసిన ఉప్పు" అన్నాను. గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు, నేనూ ఆపలేదు.

చివర్లో కళ్ళద్దాలావిడ ఒకే ప్రశ్న అడిగారు. "ఈ అత్త ఎవరండీ?" ముక్కను నాలిక మీద పెట్టుకుని ఉప్పని కనిపెట్టినావిడ అని చెప్పాను. ఆవిడ ఏదో రాసుకున్నారు. ఆ రాసుకున్నది నిన్న కాగితం మీద వచ్చింది. "నీటి గుణాలు బాగా చెప్పారు. ఎవరో ఒక మనిషికి చెబుతున్నట్టు చెప్పారు. ఉద్యోగం ఖాయం చేయవచ్చు." ప్రిన్సిపాలు గారు నా చేతికి కాగితమిచ్చి, రెండో చేతికి నేల తుడిచే గుడ్డ ఇచ్చారు. సంతోషంగానే తుడిచాను.

వీపు మాస్టారు పేరు పోయింది. ఇప్పుడు నేను అత్త మాస్టారిని.

నీ అల్లుడు


సెప్టెంబరు 30

నాయనా,

ఉత్తరం పది మంది ముందు చదివాను. మేస్త్రి పక్కన నిలబడి బోర్డు వైపు తిరగడం దగ్గర్నుంచీ నటించి చూపించాడు. ఇప్పటికి ఐదు ఆటలయ్యాయి. మీ నాన్న నీ కోసం కుట్టించిన కౌంటరు దిండు మీద తనే కూర్చుంటున్నాడట, నడుం నొప్పి తగ్గిందట. సంగతి చెబితే పెళ్ళికొడుకు గొడుగు నాకే పంపేశాడు, పైకప్పు కారుతున్న లాండ్రీ వాళ్ళకిచ్చాను.

ఒక్క ముక్క ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. నాలుగో తరగతిలో నన్ను బడి మాన్పించారు. మీ నాన్న బడికి పోతుంటే గుమ్మం దాకా వెళ్ళి పలక అందించి వచ్చేదాన్ని. బాధపడ్డానా అంటే చాలా పడ్డాను. తర్వాత పెళ్ళి, ఫ్యాక్టరీ, ఈ డబ్బాలు, ఈ ఉప్పునీళ్ళు. మరిచిపోయాననే అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా నా ఫ్యాక్టరీ గొట్టాల్లో చల్లదనమిచ్చే అమ్మోనియా తిరుగుతోంది, అదేమిటో అడగాలని కూడా ఎప్పుడూ తోచలేదు. ఇక అడుగుతాను, కాగితాలు దగ్గర పెట్టుకో.

అరవై మంది పిల్లలున్న క్లాసులో నువ్వు ముందు పిలిచింది నన్ననే చోటు చదివాక, పని ఉందని చెప్పి దిమ్మల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. క్లాసులో మాస్టారు పిలిస్తే ఏమంటారో, అది ఇన్నేళ్ళకు ఒక్కసారి అనాలనిపించింది. ఎవరూ లేరు కదా అని పైకే అన్నాను, "హాజరండీ!"

బయట నుంచి మేస్త్రి, "ఏంటమ్మా, పిలిచారా?" అని కేకేశాడు.

"నిన్ను కాదులేరా, క్లాసులో ఉన్నాను" అన్నాను.

నీ అత్త